తండ్రి పేరు, ఊరి పేరు

శ్రీనగర్, 1979 వేసవి. దాల్ సరస్సు దగ్గర హజ్రత్‌బల్‌లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ. జూన్ 16, 17 తేదీల్లో రాతపరీక్ష అయిపోయింది. ఇక మిగిలింది ఇంటర్వ్యూ. కుర్రాళ్ళు బయట వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. బల్లకు అటువైపు ముగ్గురు కూర్చున్నారు.

"మీ నాన్నగారి పేరు?"

చెప్పాడు.

"మీరుండేది ఎక్కడ?"

చెప్పాడు.

"సరే, ఇక వెళ్ళు. తర్వాతి అబ్బాయిని రమ్మను."

బయటికొచ్చాక ఆ కుర్రాడు స్నేహితుడి మొహంలోకి చూశాడు. "అంతేనా?" అన్నాడు స్నేహితుడు. అంతే. న్యూటన్ సూత్రాలు నెమరేసుకుంటూ వెళ్ళాడు. పేపర్లలో వచ్చిన వార్తలు బట్టీపట్టి వెళ్ళాడు. ఆడిన ఆటల గురించి, గెలిచిన కప్పుల గురించి అడుగుతారనుకున్నాడు. అవేవీ రాలేదు.

ఈ సంభాషణ నేను అల్లినది. ఆ గదిలో ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో ఎవరూ రాసిపెట్టలేదు, టేపు మీదికి ఎక్కించలేదు. ప్రశ్నల తీరు మాత్రం కల్పన కాదు. సీటు రాని విద్యార్థులు సుప్రీంకోర్టు మెట్లెక్కి చెప్పుకున్నది ఇదే. ఒక్కొక్కరి ఇంటర్వ్యూ సగటున రెండు మూడు నిమిషాలు దాటలేదు. అడిగినవి తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి మొక్కుబడి ప్రశ్నలు. దేనికి మార్కులు వేయాలో దాని గురించి అడిగింది దాదాపు శూన్యం. ఆ వ్యాజ్యం 'అజయ్ హసియా' కేసుగా న్యాయశాస్త్ర పుస్తకాల్లో నిలిచిపోయింది.

ఆ ఏప్రిల్‌లో కాలేజీ ఇచ్చిన నోటీసులో మార్కుల లెక్క ఉంది. రాతపరీక్షకు 100. అందులో గణితానికి 35, భౌతికశాస్త్రానికి 25, రసాయనశాస్త్రానికి 25, ఇంగ్లీషుకు 15. ఇంటర్వ్యూకు 50. అందులో లోకజ్ఞానానికి 15, ఏదైనా ఒక విషయం మీద విశాలమైన అవగాహనకు 15, చదువు కాని వ్యాపకాలకు 10, వ్యక్తిత్వానికి 10. మొత్తం 150 మార్కుల్లో మూడో వంతు ఆ గదిలో ఉన్న ముగ్గురి చేతిలో పడింది. మూడు నిమిషాలంటే 180 సెకన్లు. నాలుగు అంశాలకు పంచితే ఒక్కోదానికి 45 సెకన్లు. పద్దెనిమిదేళ్ళ పిల్లవాడి వ్యక్తిత్వాన్ని 45 సెకన్లలో తూచి పదికి ఇన్ని అని రాసేయడం ఏ మహానుభావుడి తరమూ కాదు.

సీట్ల జాబితా బయటికొచ్చింది. అంతకుముందు చదువులో మంచి మార్కులు తెచ్చుకున్న కొందరికి పేరు లేదు. ఇంటర్వ్యూలో వాళ్ళకు పడినవి అతి తక్కువ. వాళ్ళకంటే బాగా తక్కువ మార్కులతో వచ్చినవాళ్ళకు ఇంటర్వ్యూలో బ్రహ్మాండంగా పడ్డాయి, సీట్లూ వచ్చాయి. విద్యార్థులు కోర్టులో మొరపెట్టుకున్నది ఈ తేడా గురించే.

మూడో వంతు బరువు ఏం చేస్తుందో ఊహాలెక్క ఒకటి వేసి చూద్దాం. ఒకరికి రాతపరీక్షలో 80, ఇంటర్వ్యూలో 10. మొత్తం 90. ఇంకొకరికి రాతలో 55, ఇంటర్వ్యూలో 40. మొత్తం 95. రాతలో పాతిక మార్కులు వెనకబడినవాడు ముందుకొచ్చాడు. ఇప్పుడు ఇంటర్వ్యూకు 50 బదులు 17 మార్కులే పెట్టి, అదే నిష్పత్తిలో వేద్దాం. మొదటివాడికి 83.4, రెండోవాడికి 68.6. పిల్లలు వాళ్ళే, జవాబులు అవే, ముగ్గురు పెద్దల అభిప్రాయమూ అదే. మారింది బరువు మాత్రమే. కాలేజీ ప్రవేశాల్లో ఇంటర్వ్యూకు ఎంత విలువ ఇవ్వాలన్న చర్చ అంతా ఈ రెండు లెక్కల మధ్య తేడా గురించే.

కాశ్మీరు ముచ్చట పల్నాడులో ఎందుకని అడగొచ్చు. ఆ ముగ్గురు పెద్దమనుషులు వేసిన ప్రశ్నలు మనకు కొత్తవి కావు కాబట్టి.

అచ్చంపేట కృష్ణకు దక్షిణాన ఉన్న మండల కేంద్రం. మాదిపాడు రేవులో నిలబడితే ఏటికి అవతల ముక్త్యాల. పత్తి, మిరప పండే నేల. నిన్నమొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. ఇక్కడ టీకొట్టు దగ్గర కొత్త కుర్రాడు కనపడితే బల్ల మీద కూర్చున్న పెద్దాయన ఊరికే ఉండడు.

"ఎవరి పిల్లోడివయ్యా?"

"ఫలానా వాళ్ళబ్బాయినండీ."

"ఏ ఊరు?"

ఊరు చెబుతాడు.

"ఊళ్ళో ఏ బజారు?"

మూడో జవాబుతో పని అయిపోయింది. కులం అడగనక్కర్లేదు. ఇంటిపేరు, ఊరు, బజారు తెలిస్తే చాలు, ఆ కుర్రాడి ఇంటికి పొలం ఉందో లేదో, సొంతమో కౌలో, ఎవరితో చుట్టరికమో, ఊళ్ళో ఏ పక్షమో పెద్దాయన చెప్పేయగలడు. అడగడంలో ఆయనకు దురుద్దేశం ఏమీ లేదు. చాలాసార్లు ఆ ప్రశ్నల వెనకే ఆప్యాయత ఉంటుంది, "మీ తాత నాకు తెలుసురా" అన్న మాట ఉంటుంది, టీ కూడా ఉంటుంది. అదే ప్రశ్న మార్కుల కాగితం ముందు పెట్టుకున్న మనిషి నోటి నుంచి వస్తే సంగతి వేరు. తండ్రి పేరు, ఊరి పేరు వినగానే ఆయన మనసులో ఏం మెదిలిందో ఆయనకే తెలియకపోవచ్చు. ఆయన ఎంత మంచివాడైనా సరే, అది కలం దాకా వస్తుంది.

మన రైతు గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలితే కొనేవాడు టిక్కీ కోసి గుప్పెడు కాయలు బయటికి తీస్తాడు. రంగు చూస్తాడు, విరిచి చూస్తాడు, తేమ చూస్తాడు. ధర నచ్చినా నచ్చకపోయినా ఆయన చూసింది కాయనే. శ్రీనగర్ గదిలో కాయను చూడలేదు. ఏ చేలో పండిందని అడిగి పంపేశారు.

ఇంటర్వ్యూ పద్ధతి చెల్లుతుందని అంతకుముందే సుప్రీంకోర్టు చెప్పి ఉంది. చెప్పినాయన తెలుగువాడు. కోకా సుబ్బారావు గారు రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక 1954లో గుంటూరులో మొదలైన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. ఆ హైకోర్టు గుంటూరులో ఉన్నది 1956 దాకానే. తర్వాత ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు, దేశానికి ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. ప్రభుత్వం పౌరుడి హక్కు మీద చెయ్యి వేస్తే ఒప్పుకోని న్యాయమూర్తిగా ఆయనకు పేరు.

1964 జనవరిలో ఆయన ముందుకు మైసూరు రాష్ట్రపు కేసు వచ్చింది. దాన్ని చిత్రలేఖ కేసు అంటారు. ఇంజనీరింగ్, వైద్య కాలేజీల ప్రవేశాల్లో ఐచ్ఛిక సబ్జెక్టుల గరిష్ఠ మార్కుల్లో 25 శాతానికి సమానంగా ఇంటర్వ్యూ మార్కులు పెట్టారు. అది ఎంపిక చేసేవాళ్ళ ఇష్టారాజ్యమని విద్యార్థుల వాదన. సుబ్బారావు గారు, ఆయనతో ఏకీభవించిన న్యాయమూర్తులు ఆ వాదన ఒప్పుకోలేదు. విద్యార్థిని ఎలా పరీక్షించాలన్న దానిపై విద్యావేత్తల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, దుర్వినియోగం జరిగితే ఆ ఎంపికను కొట్టేయొచ్చు, అంతమాత్రాన పద్ధతే తప్పని చెప్పలేమన్నారు. జస్టిస్ ముధోల్కర్ మాత్రం విభేదించి విడిగా తీర్పు రాశారు.

ఆ మెజారిటీ తీర్పు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. అందులో ఎంపిక సంఘాల మీద గొప్ప నమ్మకం ఉంది. ప్రిన్సిపాల్ అంటే, ప్రొఫెసర్ అంటే ఊరంతా లేచి నిలబడే కాలం అది. ఆ నమ్మకం ఉన్నచోట ఆ తీర్పు సరిపోతుంది. కానీ దుర్వినియోగం జరిగిందని పిల్లవాడు ఎలా రుజువు చేయాలి? రాతపరీక్షకు జవాబుపత్రం ఉంటుంది. 2011లో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో దిద్దిన జవాబుపత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉందని కూడా తేల్చింది. ఇంటర్వ్యూకు ఏ పత్రం ఉంది? మాట గాలిలో కలిసిపోతుంది, మార్కు కాగితం మీద మిగులుతుంది. తిరిగి దిద్దించుకుందామంటే దిద్దడానికి ఏమీ ఉండదు.

ఈలోగా మన రాష్ట్రం ఇంకో దారి పట్టింది. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంబీబీఎస్ ప్రవేశాలకు ఎంట్రన్స్ పరీక్ష పెట్టింది. వేర్వేరు బోర్డులు, వేర్వేరు విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే పిల్లల మార్కులను ఒకే త్రాసులో తూచలేము కాబట్టి అందరికీ ఒకే పరీక్ష అన్నది ఆలోచన. పీయూసీలో మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థులు హైకోర్టుకు వెళ్ళి గెలిచారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1971లో 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ లావు నరేంద్రనాథ్' తీర్పు వచ్చింది. తాను నడిపే కాలేజీలకు వచ్చే అభ్యర్థులకు ప్రవేశపరీక్ష పెట్టుకునే అధికారం ప్రభుత్వానికి ఉందని కోర్టు తేల్చింది. ఎంసెట్‌కు చట్టపరమైన పునాది అక్కడుందని చెప్పడం అతిశయోక్తి కాదు. ముఖం చూసి కాక పేపరు చూసి సీటిచ్చే పద్ధతికి తెలుగునాట బలం చేకూరింది అప్పుడే.

మళ్ళీ శ్రీనగర్ పిల్లల దగ్గరికి వద్దాం.

వాళ్ళు నేరుగా సుప్రీంకోర్టులో రిట్ వేశారు. కాలేజీ తరఫున మొదటి అడ్డుగోడ వెంటనే లేచింది. ఇది రిజిస్టరైన సొసైటీ నడిపే కాలేజీ, ప్రభుత్వం కాదు, సమానత్వపు హక్కు పేరుతో మా మీద రిట్ వేయడం కుదరదు అన్నారు. అప్పట్లో దేశంలో పదిహేను రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలుండేవి. 1959లో మొదలైన మన వరంగల్ కాలేజీ ఆ వరసలోదే. డబ్బు ప్రభుత్వానిది, పెత్తనం ప్రభుత్వానిది, బోర్డు మీద పేరు మాత్రం సొసైటీది. ఈ వాదన నెగ్గితే సీటు పోయిన పిల్లవాడు గోడకు చెప్పుకోవాల్సిందే.

1980 నవంబరు 13న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, భగవతి, కృష్ణయ్యర్, ఫజల్ అలీ, కోషల్. తీర్పు రాసింది పి.ఎన్.భగవతి. పేరు ఏదైనా ఇది ప్రభుత్వ చెయ్యే, రాజ్యాంగం దీనికీ వర్తిస్తుంది అని మొదటి గోడ పడగొట్టారు. లా కాలేజీల్లో ఈ కేసును ఇప్పటికీ ఈ ముక్క కోసమే చదివిస్తారు. నాకు మాత్రం తీర్పు రెండో సగం ఎక్కువ విలువైంది.

న్యాయమూర్తులు ఇంటర్వ్యూను పూర్తిగా కొట్టేయలేదు. మనిషిని అంచనా వేయడానికి అది అంత తృప్తికరమైన పద్ధతి కాదు, చూసేవాడి ఇష్టాయిష్టాలు అందులో చొరబడతాయి, అయినా అంతకంటే మెరుగైనది దొరికేదాకా పూర్తిగా అహేతుకమని కూడా అనలేము, కాబట్టి దాన్ని రాతపరీక్షకు తోడుగా మాత్రమే వాడాలి అన్నారు. 150లో 50 మాత్రం దారుణమన్నారు. మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూ వాటా 15 శాతం దాటితే అది ఏకపక్షమే అవుతుందని గీత గీశారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నిజాయితీ, అర్హత ఉన్నవాళ్ళయి ఉండాలన్నారు.

ఆ తర్వాత ఆ రెండు మూడు నిమిషాల సంగతి. కుట్ర జరిగిందని తేల్చడానికి మార్కుల తేడా ఒక్కటే చాలదని కోర్టు అభిప్రాయపడింది. రాతలో వెనకబడ్డ కుర్రాడు మాటలో ముందుండవచ్చు కదా. కానీ రెండు మూడు నిమిషాల్లో, సంబంధం లేని ప్రశ్నలతో ఇంటర్వ్యూ ముగించారన్న మాటను ఆధారంగా తీసుకుని, అలా చేసిన ఎంపిక నిలవదని చెప్పింది. ఇంకో సూచన కూడా చేసింది. ఇంటర్వ్యూలను టేపు రికార్డు చేస్తే మంచిది, ఏం అడిగారో ఏం చెప్పారో తెలుస్తుంది, ఎంపిక సంఘం ఇష్టానుసారం పోకుండా అదే ఒక కళ్ళెం అవుతుంది అని. క్యాసెట్ల కాలంలో, 1980లో, ఈ మాట అన్నారు. ఇప్పుడు ప్రతి జేబులో రికార్డరు ఉంది. ఎన్ని కాలేజీల ఇంటర్వ్యూ గదుల్లో అది ఆన్ అవుతోంది?

మరి ఆ పిల్లల గతి? తీర్పు వచ్చేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. సీట్లొచ్చిన వాళ్ళు సెమిస్టర్లు చదువుతున్నారు. వాళ్ళను ఇప్పుడు బయటికి గెంటడం కూడా అన్యాయమే. కోర్టు వాళ్ళ జోలికి పోలేదు. ప్రభుత్వం, కాలేజీ తరఫు న్యాయవాదులు ఒప్పుకున్న మీదట, 1979-80లో దరఖాస్తు చేసి సీటు రాని వారిలో ప్రతిభ ఉన్న యాభై మందికి 1981-82లో, మామూలు సీట్లకు అదనంగా ప్రవేశం ఇవ్వాలని ఆదేశించింది.

యాభై మందికి న్యాయం జరిగింది, నిజమే. కానీ రెండేళ్ళు ఆలస్యంగా. పద్దెనిమిదేళ్ళ వయసులో రెండేళ్ళంటే చిన్న సంగతి కాదు. ఈలోగా వేరే డిగ్రీలో చేరినవాళ్ళుంటారు, ఏదో ఉద్యోగం చూసుకున్నవాళ్ళుంటారు. తోటివాళ్ళు మూడో ఏటికి చేరాక మొదటి ఏడాది తరగతిలో మొదటి బెంచీ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో తీర్పులో ఉండదు.

మరుసటి ఏడు, 1981లో, రాజస్థాన్ న్యాయశాఖ ఉద్యోగాల కేసులో జస్టిస్ ఓ.చిన్నప్పరెడ్డి ఈ చర్చకు కావలసిన స్పష్టత ఇచ్చారు. ఆయనా తెలుగువారే. లీలాధర్ కేసు అది. కాలేజీలో చేరబోయే పిల్లవాడి వ్యక్తిత్వం ఇంకా రూపుకట్టలేదు, ఏ గుణాలు రేపు వికసిస్తాయో ఇప్పుడే చెప్పలేము, కాబట్టి అక్కడ రాతపరీక్షకే ఎక్కువ బరువుండాలి. వయసూ అనుభవమూ ఉన్నవాళ్ళను ఉద్యోగానికి తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూకు ఇంకొంచెం విలువ ఇవ్వొచ్చు. ఆయన చెప్పిన తేడా ఇది. పిల్లల్ని పెంచిన ఏ తల్లిదండ్రులైనా ఒప్పుకునే మాట. ఇంటర్‌లో నోరు విప్పని పిల్ల ఇంజనీరింగ్ మూడో ఏడాదికి వేదిక మీద దంచేయడం మనం చూడలేదా?

మన దగ్గర 1986లో ఎంసెట్ వచ్చింది. ఆ హాల్లో కూర్చున్న పిల్లకు హాల్‌టికెట్ నంబరే పేరు. అచ్చంపేట నుంచి వచ్చినా, బంజారాహిల్స్ నుంచి వచ్చినా దిద్దేవాడికి తెలియదు. ఎంతమంది కూలి ఇళ్ళ పిల్లలు, కౌలు రైతుల పిల్లలు ఆ నంబరు మీద డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారో మన ఊళ్ళకు తెలుసు. అదే సమయంలో ఇంకో నిజం దాచలేను. రాతపరీక్షకు తండ్రి పేరు తెలియకపోయినా తండ్రి స్థోమత తెలుస్తుంది. గుంటూరు, విజయవాడ కోచింగ్ హాస్టళ్ళ ఫీజు కట్టగలిగినవాడి కొడుక్కు ర్యాంకు దగ్గరవుతుంది, కట్టలేనివాడి కూతురికి దూరమవుతుంది. మిరప ధర పడిపోయిన ఏడు ఎన్ని ఇళ్ళల్లో హాస్టల్ ఫీజు కోసం వడ్డీకి తెచ్చారో పల్నాడులో ఎవరిని అడిగినా చెబుతారు. పిల్లవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడన్నది చూడాల్సిందే. ఎలా చూడాలన్నదే ప్రశ్న.

దానికి ఒక మంచి జవాబు మన దగ్గరే పుట్టింది. 2008లో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పెట్టారు. మనం నూజివీడు ట్రిపుల్ ఐటీ, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేవి, ఇప్పుడు తెలంగాణలో ఉన్న బాసర, ఆ పథకంలోవే. పదో తరగతి మార్కుల మీద సీటు. ఎంట్రన్స్ లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతికి గ్రేడ్ పాయింట్లు ఉన్న ఏళ్ళలో, హాస్టల్ లేని సర్కారు బళ్ళలో చదివిన పిల్లల పాయింట్లకు 0.4 కలిపేవారు. వెనకబాటుకు ఇచ్చే ఆసరా అది. ఇంత కలుపుతామని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఎవరికి కలుపుతారో, ఎంత కలుపుతారో ఊరందరికీ తెలుసు. ఇంటర్వ్యూ గదిలో కూడా కలపడాలు, తీసేయడాలు జరుగుతాయి. అక్కడ ఎవరికి ఎంత కలిపారో, ఎందుకు కలిపారో బయటికి రాదు. ఈ రెండింటిలో నేను నిస్సంకోచంగా 0.4 పక్షం. ఊరి పేరును లెక్కలోకి తీసుకోండి, కానీ లెక్క అందరికీ కనపడేటట్టు తీసుకోండి.

డిగ్రీ సీట్లకు సద్దుమణిగిన గొడవ పైచదువుల దగ్గర మళ్ళీ లేచింది. 2016లో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. పీహెచ్‌డీ ప్రవేశంలో రాతపరీక్ష 50 శాతం తెచ్చుకుని గట్టెక్కడానికే, సీటు తేల్చేది ఇంటర్వ్యూ. శ్రీనగర్‌లో మూడో వంతుకు కోర్టు కోప్పడితే ఇక్కడ నూటికి నూరూ గదిలోకే పోయింది. విద్యార్థులు ఊరుకోలేదు. చివరికి రాతకు 70, ఇంటర్వ్యూకు 30 అన్న చోటికి దిగొచ్చారు. ఆ రోజుల్లోనే ఢిల్లీ జేఎన్‌యూలో ఆచార్య అబ్దుల్ నఫే కమిటీ ప్రవేశాల లెక్కలు పరిశీలించింది. రాతపరీక్ష మార్కులకూ ఇంటర్వ్యూ మార్కులకూ మధ్య కనపడే తేడా దళిత, గిరిజన, వెనకబడిన తరగతుల విద్యార్థుల పట్ల వివక్షను సూచిస్తోందని, ఇంటర్వ్యూను 30 నుంచి 15 మార్కులకు తగ్గించమని సిఫారసు చేసింది. పదిహేను! 1980లో కోర్టు గీసిన గీత చుట్టుపక్కలకే అన్ని దారులూ వచ్చి చేరుతున్నాయి.

నా వాదనకు ఎదురు నిలిచే సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం మీద ఆసియా మూలాల విద్యార్థుల తరఫున నడిచిన కేసు 2018లో బోస్టన్‌లో విచారణకు వచ్చింది. మన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ ఆసక్తిగా గమనించిన కేసు అది. హార్వర్డ్‌లో పూర్వ విద్యార్థులు దరఖాస్తుదారులను కలిసి మాట్లాడి వ్యక్తిత్వానికి అంకె వేస్తారు. ఆఫీసులో కూర్చున్న ప్రవేశాల అధికారులు, చాలావరకు పిల్లను చూడకుండానే, ఫైలు చదివి ఇంకో అంకె వేస్తారు. ఎదురుగా కూర్చుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు ఆసియా పిల్లలకు తెల్ల పిల్లలతో దాదాపు సమానంగా వేశారు. కలవని అధికారుల అంకెల్లోనే ఆసియా పిల్లలు వెనకబడ్డారు. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకునే ఆ ప్రవేశ విధానాన్నే కొట్టేసింది. నాకు మాత్రం ఆ విచారణలో బయటపడ్డ ఈ చిన్న వివరమే ముఖ్యం. మనిషి మనిషితో తీరుబడిగా మాట్లాడితే అపోహ తగ్గొచ్చు కూడా. తప్పు మాట్లాడటంలో లేదు. మాట్లాడకుండా పేరు, ఊరు అడిగి మాట్లాడామని రాసుకోవడంలో ఉంది.

ఈ మధ్య అచ్చంపేటలో మా మిత్రుడి ఇంట్లో కూర్చున్నాను. కౌలుకు మిరప వేస్తాడు. వాళ్ళ అమ్మాయి ఎమ్మెస్సీ చేసి పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టింది. రాతపరీక్ష దాటింది. ఫోన్‌ను గ్లాసుకు ఆనించి వీడియోలో అన్నయ్యతో ఇంటర్వ్యూ సాధన చేస్తోంది.

"మీ స్వస్థలం?" అన్నాడు అన్నయ్య అధికారి గొంతుతో.

"గుంటూరు దగ్గరండీ."

"అచ్చంపేట అని చెప్పొచ్చుగా?"

"చెబితే ఏ అచ్చంపేట, నల్లమల దగ్గర తెలంగాణలో ఉండేదా అంటారు. కాదు పల్నాడు అంటే, ఓహో పల్నాడా అని నవ్వుతారు. నా పరిశోధన గురించి చెప్పేలోపు టైమైపోద్ది."

ఆ మాటకు వాళ్ళ నాన్న తల ఎత్తి చూశాడు, ఏమీ అనలేదు. మొక్కల్లో తెగుళ్ళకు కారణమయ్యే వైరస్‌ల మీద పని చేయాలనుకుంటున్న పిల్ల అది. ఇంట్లో మిరప చేను ఆకుముడత వచ్చి పోయిన ఏడు చూసింది కాబట్టే ఆ వైపు వెళ్ళింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నిజంగా ఊరు అడిగి, ఆ ఊళ్ళో ఏం పండుతుంది, దానికేం తెగులు వస్తుంది అని ఇంకో పది నిమిషాలు అడిగితే ఆ పిల్లకు ఆ సీటు ఎందుకివ్వాలో వాళ్ళకే తెలిసిపోతుంది. ఊరి పేరు దగ్గర ప్రశ్న ఆగిపోతేనే చిక్కు.

"బాబాయ్, రాతలో నాకు బాగానే వచ్చాయి. ఇంటర్వ్యూలో తక్కువేస్తే ఏం చేయాలి?" అని అడిగింది.

నాకు తెలిసింది చెప్పాను. లోపలికి వెళ్ళేటప్పుడు టైము చూసుకో తల్లీ, బయటికి రాగానే మళ్ళీ చూసుకో. ఎవరితోనూ మాట్లాడకుండా ముందు అడిగిన ప్రశ్నలన్నీ వరసగా రాసిపెట్టుకో, తేదీ వేసి. శ్రీనగర్ పిల్లల చేతిలో ఉన్న బలం కూడా అదే, ఎన్ని నిమిషాలు, ఏయే ప్రశ్నలు అన్న జ్ఞాపకం. దాని మీదే కేసు నిలబడింది.

"నేను రాసుకుంటా సరే. వాళ్ళు కూడా రాసుకుంటారా?"

రాసుకోవాలి. ఏ అంశానికి ఎన్ని మార్కులో ముందే చెప్పాలి, ఎవరెన్ని వేశారో షీటు మీద ఉండాలి. ఫలితం వచ్చాక నీ మార్కులు అంశాల వారీగా ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద అడుగు, ఇంటర్వ్యూ రికార్డు చేశారా లేదా అని కూడా అదే కాగితంలో అడుగు అన్నాను. కేంద్ర విశ్వవిద్యాలయమైతే దరఖాస్తు రుసుము 10 రూపాయలు, జవాబివ్వడానికి వాళ్ళకు గడువు 30 రోజులు.